కుడి చెయ్యా, ఎడం చెయ్యా

"తలుపు లోపలికి తెరుచుకుంటాదా, బయటికా?
పిడి కుడిపక్కనా, ఎడంపక్కనా?"
చిత్తూరు సంతపేట అంగట్లో ఏకాంబరం అడిగినాడు.
పదహారేండ్లుగా ఆ ఇంట్లో ఉండాను.
చెప్పలేకపోయినాను.

సిమెంటు బేరం చేసేవాళ్ళ మధ్యనే నిలబడి
కండ్లు మూసుకోని
లేని తలుపును తీసినాను.
సంచి ఎడం చేతికి మారింది,
కుడి చెయ్యి ముందుకు పొయ్యింది,
నడుము తనంతట తానే వంగి
చెక్కను ఒక రవ్వ పైకెత్తింది.
"కుడి" అన్నాను.
"ఆ ఎత్తేది దేనికి?"
ఎత్తకపోతే రాదు సామీ.
"అయితే బందులు కూడా పొయ్యుంటాయి, అవీ తీసుకో."

ఓనరు మారుస్తానంటా ఆరేండ్లు మార్చలేదు.
స్క్రూడ్రైవరు ఎదురింటి దొరస్వామిది.
నేనే వచ్చి వేస్తానన్నాడు.
బందులు వేసేటప్పుడు తలుపు పట్టుకో, చాలన్నాను.
సీజన్లో పొద్దంతా తోతాపురి కాయల తొడిమలు తీసే చెయ్యి ఇది,
నాలుగు మరలు తియ్యలేదా?

తియ్యలేదు, మొదట.
తుప్పు. తుప్పు మీద పెయింటు. దాని మీద ఇంకో పెయింటు:
నీలం కింద పచ్చ,
పచ్చ కింద, మాకు ముందు బాడుగకున్నోళ్ళు ఎవురో
ఇష్టపడి కొట్టించుకున్న కాఫీపొడి రంగు.
కొబ్బరినూనె పోసి ఒక పూట ఆగినాను.
మళ్ళా తిప్పితే
ముసలి పన్ను మాదిరి కదిలింది.

పాత పిడి ఇత్తడిది.
బొటనవేలు ఆనే చోట చెంచా మాదిరి గుంట.
వెనకపక్క మాత్రం పువ్వుల చెక్కడం
నిన్న చెక్కినట్టుంది, ఎవురూ తాకలేదు దాన్ని.
పాతసామాన్లాయన తూకమేస్తే నూటముప్పై గ్రాములు.
కొత్తలో ఎంతుండునో!
తగ్గిన ఇత్తడి యాడికి పొయ్యింది?
నేల ఊడ్చేది నేనే, ఒక పలుకు కూడా కనపడలేదు.
మా చేతులకే అంటుకోనుంటాది.
సంగటి ముద్ద చేసిన చేతులు, పిల్లకు జడేసిన చేతులు,
కోపంలో ఆ తలుపునే లాగి కొట్టిన చేతులు.
రవ్వంత రవ్వంత మేమే తినేసుంటాం.
అమ్మలేదు. తెచ్చి పప్పుడబ్బా పక్కన పెట్టినాను.

కొత్త గడియ బొక్కలు పాత బొక్కల మీదికి రావు.
ఒకటి సరిపోతే మూడు పక్కకు జరుగుతాయి.
"అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి దూర్చుమా" అనింది మా హంస.
"తలకాయలు తుంచేసి దూర్చు,
లేకుంటే తలుపు మండిపోతాది" అని నవ్వింది.
బొక్కకు మూడు పుల్లలు.
ఒక అగ్గిపెట్టి అయిపొయ్యింది.

పొద్దుగూకినాక తలుపు మూస్తే
టక్ అనింది. ఒక్కసారే.
సందు లేదు.
లైటు వెలుతురు కూడా వీధిలోకి పోలేదు.

ఇన్నేండ్లూ ఆ సందు గోవిందస్వామిది.
గుజ్జు ట్యాంకరు దిగి ఏ రెండు గంటలకో వస్తే
రంపం బ్లేడు దూర్చి, గడియ పైకి లేపి
లోపలికి వచ్చేసేవాడు.
ఎప్పుడొచ్చి పండుకున్నాడో నాకే తెలిసేది కాదు.
కొన్ని రాత్రులు తెలిసేది.
తెలియనట్టు ఉండేదాన్ని.

ఆ రాత్రీ బ్లేడు వచ్చింది.
చెక్కకు తగిలింది. మళ్ళా తగిలింది.
పైన వెతికింది, కింద వెతికింది,
నిలిచిపోయింది.
చానాసేపు ఏ సద్దూ లేదు.
గ్రీమ్స్‌పేట మలుపులో ఆటో ఒకటి దగ్గి, పొయ్యింది.
అప్పుడు, పెండ్లయిన పదిహేడేండ్లకు,
ఏమే కాదు, ఒసే కాదు, హంసవాళ్ళమ్మా కాదు,
"వళ్ళెమ్మా" అన్నాడు.
ఎదురింటోళ్ళు లేస్తారేమోనని మెల్లిగా,
అడ్రసు అడిగే మనిషి మాదిరి.

లేచినాను.
చీకట్లో చెయ్యి పాత చోటికే పొయ్యింది.
అక్కడ అగ్గిపుల్లలు, ఇంకా ఆరని జిగురు.
నడుము ఎత్తబోయి, పని లేక, ఆగింది.
కొత్త గడియ చల్లగా ఉండాది.
దాని మీద వేలు పెట్టి
"ఎవురూ?" అన్నాను.